అంపైర్ చూడని పాయింటు

హైదరాబాదులో పిల్లల బ్యాడ్మింటన్ పోటీలు జరిగే చోట్ల తొలి రౌండ్లకు లైన్ జడ్జీలు కనిపించడం అరుదు. ఎత్తు కుర్చీ మీద కూర్చున్న ఒక్క అంపైరే సర్వీసు సరిగా వేశారో లేదో చూడాలి, నెట్టుకు రాకెట్ తగిలిందేమో గమనించాలి, స్కోరు రాసుకోవాలి, వీటన్నిటితో పాటు రెండు వైపుల గీతలకూ తానే కాపలా కాయాలి. కూకట్‌పల్లి నుంచి ఎల్.బి.నగర్ దాకా ఎక్కడికి వెళ్ళినా దాదాపు ఇదే దృశ్యం: రేకుల షెడ్డు కింద పక్కపక్కనే నాలుగైదు కోర్టులు, అన్నిటి మీదా ఒకేసారి మ్యాచ్‌లు, పక్క కోర్టు నుంచి వచ్చి పడే షటిళ్ళు, తరువాతి మ్యాచ్‌కు రమ్మంటూ మైకులో పిలుపులు. ఆ హడావిడిలో వెనక గీత మీద పడిన షటిల్ లోపలిదో బయటిదో అంపైరుకు కచ్చితంగా తెలిసే అవకాశం తక్కువ. అది నిజంగా తెలిసేది ఆ గీత దగ్గర నిలబడి ఉన్న పదకొండు, పన్నెండేళ్ళ పిల్లకో పిల్లవాడికో మాత్రమే.

మా కాలనీ సంఘం తరఫున పిల్లల పోటీలు నిర్వహించే బృందంలో కొన్నేళ్ళుగా ఉంటున్నాను కాబట్టి ఇలాంటి పాయింట్లను దగ్గర నుంచి చూసే వీలు నాకు కలిగింది. బహుమతుల పంపిణీ నాడు ముఖ్య అతిథి గెలుపోటములను సమానంగా తీసుకోవాలని చెప్పే ఉపన్యాసంతో క్రీడాస్ఫూర్తి అలవడదు. మ్యాచ్‌కు నాలుగైదు సార్లు ఎదురయ్యే ఈ అంపైర్ చూడని పాయింట్ల దగ్గరే అది నిలవడమో జారిపోవడమో జరుగుతుంది. ఆ పాయింట్ల మీద తీర్పును పిల్లల చేతికే వదిలిపెట్టాలనీ, పెద్దవాళ్ళం కాస్త దూరం జరగాలనీ నా అభిప్రాయం. అందువల్ల ఈ వ్యాసం పిల్లల ఆటల గురించే అయినా ఇందులో ఎక్కువ మాటలు పెద్దల మీదికే వస్తాయి.

ఈ ఊళ్ళో పిల్లల బ్యాడ్మింటన్ ఇంతగా ఎందుకు పెరిగిందో అందరికీ తెలిసినదే. 2001లో పుల్లెల గోపీచంద్ ఆల్ ఇంగ్లండ్ టైటిల్ గెలిచారు. గచ్చిబౌలిలో ఆయన పెట్టిన అకాడమీ పేరు దేశమంతా పాకింది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో సైనా నెహ్వాల్ కాంస్యం, 2016 రియోలో పి.వి.సింధు రజతం తెచ్చారు. ఆ తరువాత ఖాళీ స్థలం దొరికిన ప్రతిచోటా షెడ్డు లేచింది, తెల్లవారుజామున అయిదింటికే పిల్లలను బండి మీద ఎక్కించుకుని వెళ్ళే తల్లిదండ్రులు పెరిగారు. ఇందులో తప్పు పట్టవలసినది ఏమీ లేదు. అయితే ఆటతో పాటు ఖర్చు పెరిగింది, ఖర్చుతో పాటు ఫలితం కోసం ఆత్రం కూడా పెరిగింది.

పోయిన ఏడాది ఒక ప్రైవేటు హాల్లో చూసిన మ్యాచ్‌ను కొంచెం వివరంగా చెప్పాలి. అండర్-13 బాలికల మ్యాచ్ అది, మూడో గేముకు చేరింది. స్కోరు 18-19. వెనకబడి ఉన్న అమ్మాయి రాకెట్ గ్రిప్పు చివర ఊడిపోతే తెల్లటి టేపు చుట్టి ఉంది. ప్రతి పాయింటుకు ముందు ఆ టేపును బొటనవేలితో ఒకసారి నొక్కుకుంటోంది. ఎదుటి అమ్మాయి కొట్టిన స్మాష్ ఈమె భుజం పక్కనుంచి దూసుకుపోయి వెనక గీతకు జానెడు అవతల పడింది. అంపైర్ ‘ఔట్’ అని స్కోరు చెప్పబోతుండగా ఈమె రాకెట్ పైకెత్తి ఫ్రేము అంచును వేలితో తట్టి చూపించింది. ఆయనకు అర్థం కాలేదు. “ఏంటమ్మా?” అని అడిగితే “టచ్ అయింది సార్” అంది. ఆయనకు వినపడలేదో, నమ్మబుద్ధి కాలేదో, మరోసారి అడిగాడు. ఈసారి ఆ అమ్మాయి కొంచెం విసుగ్గా, గట్టిగా అదే మాట చెప్పింది. రాకెట్‌కు తగిలాక బయట పడితే పాయింటు ఎదుటివారిదే కాబట్టి 19-19 కావలసిన స్కోరు 18-20 అయింది. ఆపైన ఒక పాయింటు తెచ్చుకోగలిగింది గానీ మ్యాచ్ 19-21తో పోయింది.

జాలీ అవతల నిలబడి ఉన్న తండ్రి కిట్ బ్యాగు అందుకుంటూ అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. “అంపైర్ ఔట్ ఇచ్చేశాక నువ్వెందుకు చెప్పావు బేటా? అది ఆయన పని కదా!” ఆయన కోప్పడలేదు, కసరలేదు. ఆ రోజు పెట్రోలు, ఎంట్రీ ఫీజు, సెలవు పెట్టుకున్న ఉద్యోగం అన్నీ ఆ మాట వెనక ఉండే ఉంటాయి. పైగా ఆ మాటలో తర్కం కూడా ఉంది: అంపైర్ తీర్పే తుది తీర్పని మనమే పిల్లలకు చెబుతాం కదా. అబద్ధం ఆడమని ఏ తల్లీ ఏ తండ్రీ పిల్లలకు చెప్పరు. అడగనిది చెప్పనక్కరలేదని మాత్రం చెబుతారు, అదీ ఇంత మెత్తగా, ఇంత సహేతుకంగా చెబుతారు. ఆ అమ్మాయి మరుసటి మ్యాచ్‌లో రాకెట్ పైకెత్తుతుందా లేదా అన్నది ఆ ఒక్క వాక్యం మీద ఆధారపడి ఉండవచ్చు. తండ్రి ఆ మాట అనకుండా నీళ్ళ సీసా అందించి ఊరుకున్నా చాలు, మెచ్చుకోవలసిన అవసరం కూడా లేదని నాకనిపించింది.

ఇదే పరిస్థితిని టెన్నిస్ వేరే విధంగా ఎదుర్కొంటుంది. జూనియర్ స్థాయిలో చాలా మ్యాచ్‌లు కుర్చీ అంపైర్ లేకుండానే జరుగుతాయి. అటువంటి మ్యాచ్‌ల కోసం అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య ప్రత్యేకంగా నియమాలు రాసిపెట్టింది. నెట్టుకు ఇవతల పడిన ప్రతి బంతి మీదా తీర్పు ఇవతలి ఆటగాడిదే. ‘ఔట్’ అనదలచుకుంటే వెంటనే, ఎదుటివారికి వినిపించేలా అనాలి. అనుమానం ఉంటే మాత్రం బంతి లోపల పడినట్టే లెక్క, ఆ లాభం ఎదుటివారికే చెందుతుంది. కోర్టుల మధ్య తిరిగే అధికారి ఉంటాడు గానీ పిలిస్తేనే వస్తాడు. పన్నెండేళ్ళ పిల్లవాడి చేతిలో ఇంత అధికారం పెట్టడం మొదట వింతగా తోస్తుంది. కాస్త ఆలోచిస్తే ఇందులోని తెలివి కనబడుతుంది. అంపైర్ ఉన్నచోట పిల్లవాడి పని ఆయన కన్నుగప్పడమా కాదా అన్నంత వరకే పరిమితం అవుతుంది. అంపైర్ లేనిచోట ఎదురుగా నిలబడిన తోటి పిల్లవాడి కళ్ళలోకి చూస్తూ ‘ఔట్’ అనవలసి వస్తుంది. రెండవది చాలా కష్టమైన పని, కష్టం కనుకనే అది నేర్పుతుంది. టెన్నిస్‌లో పిల్లలు మోసం చేయరని నేను అనడం లేదు, గీతల మీద దెబ్బలాటలు అక్కడా బోలెడు. కానీ ఆ దెబ్బలాట ఇద్దరు పిల్లల మధ్య జరుగుతుంది, వాళ్ళే దాన్ని తెంచుకోవాలి.

ఇంకా ముందుకు వెళ్ళిన ఆట అల్టిమేట్ ఫ్రిస్బీ. పళ్ళెం విసిరి పట్టుకునే ఈ ఆటలో ప్రపంచ పోటీలలో సైతం ఆటగాళ్ళే రెఫరీలు. ఫౌల్ జరిగిందని అనుకున్న ఆటగాడే ఆట ఆపి చెప్పాలి, ఎదుటివాడు ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు. మ్యాచ్ అయ్యాక ఒక జట్టు మరొక జట్టుకు ప్రవర్తన మీద మార్కులు వేస్తుంది. అయిదు అంశాలు, ఒక్కొక్కదానికి సున్నా నుంచి నాలుగు దాకా. ఆ అయిదింటిలో మొదటిది నియమాల పరిజ్ఞానం కావడం నాకు బాగా నచ్చింది. న్యాయంగా ఆడాలంటే ముందు నియమం తెలిసి ఉండాలి. మన దగ్గర గల్లీ క్రికెట్‌లో జరిగే గొడవల్లో సగం తొండి వల్ల కాదు, ఎవరికి వారు వేరు వేరు నియమాలు మనసులో పెట్టుకుని ఆడడం వల్ల జరుగుతాయి. బౌలర్ బంతి వేయకముందే క్రీజు వదిలిన నాన్-స్ట్రైకర్‌ను రనౌట్ చేయడం మీద 1947లో వినూ మన్కడ్ బిల్ బ్రౌన్‌ను ఔట్ చేసిన నాటి నుంచి పెద్దవాళ్ళే కొట్టుకుంటున్నారు. 2022లో లార్డ్స్‌లో దీప్తి శర్మ చార్లీ డీన్‌ను అలాగే ఔట్ చేసినప్పుడు ఆ రచ్చ మళ్ళీ రేగింది. ఆ ఏడాదే క్రికెట్ నియమాలు రాసే ఎం.సి.సి. ఈ నియమాన్ని ‘అనుచితమైన ఆట’ అన్న అధ్యాయం నుంచి తీసి మామూలు రనౌట్ల అధ్యాయంలోకి మార్చింది. ఈ సంగతి మా కాలనీ పిల్లలకు చెబితే వాళ్ళు తమలో తాము మాట్లాడుకుని, మ్యాచ్‌కు ముందే ఒక్కసారి హెచ్చరిక ఇవ్వాలనీ రెండోసారి ఔట్ అనీ తీర్మానించుకున్నారు. ఆ తరువాత ఆ విషయం మీద గొడవ రాలేదు.

నిజానికి ఇది మనకు కొత్త సంగతేమీ కాదు. చిర్రగోనె ఆడిన రోజుల్లో, గోళీలు ఆడిన రోజుల్లో అంపైర్ అన్న మాటే లేదు. కబడ్డీలో కూత ఆగిందా లేదా, చేయి తగిలిందా లేదా అన్నది ఆడేవాళ్ళే అరుచుకుని తేల్చుకునేవారు. తొండి చేసేవాడికి ఎవరూ నీతిబోధ చేసేవారు కాదు. మరుసటి రోజు జట్లు పంచుకునేటప్పుడు వాడిని ఎవరూ కోరుకునేవారు కాదు, అంతే. ఆట సాగాలంటే నలుగురూ ఒప్పుకోవాలి, లేకపోతే చీకటి పడేదాకా వాదులాటే మిగులుతుంది. ఆ రోజులన్నీ స్వర్ణయుగమని నేను అనను, బలం ఉన్నవాడి మాటే చెల్లిన సందర్భాలూ చాలా ఉన్నాయి. అయినా పిల్లలు తమ తగువు తామే తీర్చుకోవలసిన చోటు ఒకటుండేది. ఇప్పుడు గంటకు ఇంత అని కట్టి, కోచ్ పర్యవేక్షణలో, తల్లిదండ్రుల కళ్ళ ముందు ఆడే ఆటలో ఆ చోటు మాయమైంది.

తల్లిదండ్రులను దూరంగా ఉంచే విషయంలో చదరంగం వాళ్ళు అందరికన్నా తెలివైనవారు. పిల్లల పోటీలలో ఆట మొదలయ్యే సమయానికి పెద్దవాళ్ళను హాలు బయటికి పంపించివేస్తారు. లోపల ఏడేళ్ళ పిల్ల పావును ముట్టుకుంటే అదే జరపాలి. ఎదుటివాడు ముట్టి మరో పావు జరిపితే చేయెత్తి ఆర్బిటర్‌ను, అంటే అక్కడి రెఫరీని, పిలవాలి. అమ్మ వైపు చూడడానికి అమ్మ అక్కడ ఉండదు. బ్యాడ్మింటన్‌లో కోర్టు వెనక కూర్చున్న కోచ్ షటిల్ ఆటలో లేనప్పుడు మాత్రమే మాట్లాడాలన్న నియమం ఉంది. ఆటగాళ్ళ దుష్ప్రవర్తనకు పసుపు కార్డుతో హెచ్చరిక, ఎరుపు కార్డుతో పాయింటు నష్టం, నలుపు కార్డుతో పోటీ నుంచి తొలగింపు ఉన్నాయి. జాలీ అవతల నిలబడి ప్రతి షటిల్‌కూ ‘ఔట్ ఔట్’ అని అరిచే బాబాయికి చూపించడానికి మాత్రం ఏ కార్డూ లేదు.

పిల్లలకు న్యాయంగా ఆడడం గురించి చెప్పేటప్పుడు మనం చేసే పొరపాటు ఒకటుంది: న్యాయంగా ఆడితే చివరకు గెలుపు దక్కుతుందని కథలు చెప్పడం. వాట్సాప్‌లో తిరిగే ఇటువంటి కథల్లో నిజాయితీపరుడికి ప్రతిసారీ ఏదో ఒక బహుమతి దొరుకుతుంది. పిల్లలు అమాయకులు కారు, స్కోరు బోర్డు చూడడం వాళ్ళకు వచ్చు. 1980 ఫిబ్రవరిలో బొంబాయిలో జరిగిన స్వర్ణోత్సవ టెస్టునే చెప్పుకుందాం. ఇంగ్లండ్ 58 పరుగులకు అయిదు వికెట్లు పోగొట్టుకుని ఉండగా వికెట్ కీపర్ బాబ్ టేలర్‌ను అంపైర్ ఔట్ అని ప్రకటించాడు. టేలర్ బ్యాట్‌కు బంతి తగలలేదని నమ్మిన భారత కెప్టెన్ గుండప్ప విశ్వనాథ్ అప్పీలు వెనక్కు తీసుకుని ఆయనను మళ్ళీ పిలిచాడు. టేలర్ 43 పరుగులు చేశాడు, బోథమ్‌తో కలిసి 171 పరుగులు జోడించాడు, చివరకు భారత్ పది వికెట్ల తేడాతో ఓడిపోయింది. విశ్వనాథ్ చేసిన పనికి ప్రతిఫలం ఆ మ్యాచ్‌లో ఏదీ రాలేదు, రావాలన్న షరతు మీద ఆయన ఆ పని చేయలేదు కూడా. పిల్లలకు చెప్పవలసిన కథ ఇలాంటిది. నష్టం ఉంటుందని ముందే తెలిసిన పిల్లకు, నష్టం వచ్చినప్పుడు మోసపోయానన్న బాధ ఉండదు.

ఓడిపోయాక ఎలా ఉండాలన్నది పిల్లలు చూసి నేర్చుకుంటారు, విని నేర్చుకోరు. 2016 రియో ఫైనల్లో కరోలినా మారిన్ చేతిలో 19-21, 21-12, 21-15 తేడాతో ఓడిపోయిన సింధు, గెలిచిన ఆనందంలో కోర్టు మీద పడి ఏడుస్తున్న మారిన్ దగ్గరికి వెళ్ళి ఆమెను హత్తుకుని, కింద పడి ఉన్న ఆమె రాకెట్‌ను తీసి ఆమె బ్యాగు దగ్గర పెట్టింది. ఆ వీడియో చూసిన మా పిల్లల్లో కొందరు కొన్నాళ్ళు ఓడిన ప్రతిసారీ ఎదుటివారి రాకెట్‌ను మోసుకెళ్ళారు. కొంచెం నాటకీయంగానే ఉండేది గానీ ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

అయితే క్రీడాస్ఫూర్తి పేరుతో పిల్లలకు, ముఖ్యంగా ఆడపిల్లలకు, నోరు మూసుకుని ఉండమని నేర్పడం నాకు బొత్తిగా నచ్చదు. న్యాయం అడగడమూ న్యాయమైన ఆటలో భాగమే. అదే సింధు 2022లో మనీలాలో ఆసియా చాంపియన్‌షిప్ సెమీఫైనల్లో మొదటి గేము గెలిచి, రెండో గేములో 14-11తో ముందున్నప్పుడు, సర్వీసుకు ఆలస్యం చేసిందంటూ అంపైర్ ఒక పాయింటు జరిమానా వేశాడు. ఎదుటి క్రీడాకారిణి అకానే యమగుచి సిద్ధంగా లేకపోవడం వల్లే ఆగానని సింధు వాదించింది, రెఫరీని పిలిపించింది, ఫలితం మారకపోతే ఆట కొనసాగించింది, ఆ మ్యాచ్ ఓడిపోయింది. రాకెట్ విసిరికొట్టలేదు, కోర్టు వదిలి వెళ్ళలేదు. మ్యాచ్ తరువాత తన అభ్యంతరాన్ని సంబంధిత అధికారుల ముందు పెట్టింది. కొన్ని నెలలకు ఆసియా బ్యాడ్మింటన్ సాంకేతిక సంఘం అధ్యక్షుడు జరిగిన పొరపాటుకు క్షమాపణ తెలిపారు. నిజామాబాద్ అమ్మాయి, బాక్సర్ నిఖత్ జరీన్ కూడా 2019లో ఒలింపిక్ అర్హత పోటీలకు ట్రయల్ లేకుండా ఎంపిక జరగబోతోందని తెలిసి కేంద్ర క్రీడామంత్రికి ఉత్తరం రాసింది. ఎదుట ఉన్నది మేరీకోమ్ అంతటి దిగ్గజం. ట్రయల్ జరిగింది, నిఖత్ 9-1 తేడాతో ఓడిపోయింది. ఆమె అడిగింది గెలుపును కాదు, బరిలో నిలబడే అవకాశాన్ని. 2022లోనూ 2023లోనూ ఆమె ప్రపంచ చాంపియన్ కావడం వేరే విషయం. కాకపోయినా ఆ ఉత్తరం సరైనదే.

ఇక్కడ నిర్వాహకుల సంగతి కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే పిల్లలను తప్పుదారి పట్టించే పోటీలను రూపొందించేది మాలాంటివాళ్ళమే. 2012 లండన్ ఒలింపిక్స్‌లో బ్యాడ్మింటన్ మహిళల డబుల్స్‌కు కొత్తగా గ్రూపు దశ పెట్టారు. గ్రూపులో రెండో స్థానంలో ఉంటే నాకౌట్‌లో తేలికైన ప్రత్యర్థి దొరుకుతారన్న లెక్కతో చైనా, ఇండోనేషియా, దక్షిణ కొరియా జంటలు కావాలని ఓడిపోవడానికి పోటీ పడ్డాయి. సర్వీసులు నెట్టులోకి కొట్టారు, ప్రేక్షకులు గేలి చేశారు, చివరకు నాలుగు జంటలను, అంటే ఎనిమిది మందిని, పోటీల నుంచి తొలగించారు. మన హైదరాబాదు అమ్మాయి గుత్తా జ్వాల, ఆమె జోడీ అశ్విని పొన్నప్ప అదే పోటీలో పాయింట్ల తేడాతో గ్రూపు దశ దాటలేకపోయారు. తమ గ్రూపులో జరిగిన మరో మ్యాచ్ మీద భారత బృందం చేసిన ఫిర్యాదు తిరస్కరణకు గురైంది. ఆటగాళ్ళకు శిక్ష పడడం న్యాయమే. కానీ ఓడిపోతే లాభం వచ్చే పట్టికను తయారు చేసినవాళ్ళ బాధ్యత ఏమిటి? ప్రపంచ సమాఖ్య ఆ తప్పును దిద్దుకుంది: గ్రూపుల్లో రెండో స్థానం వచ్చిన జంటలకు నాకౌట్‌లో మళ్ళీ డ్రా తీసేలా నిబంధన మార్చింది. ఆనాడు తొలగింపుకు గురైన ఇండోనేషియా క్రీడాకారిణి గ్రేసియా పోలీ టోక్యో ఒలింపిక్స్‌లో అదే విభాగంలో స్వర్ణం గెలిచింది. తప్పు చేసిన పిల్లలను జన్మాంతం దోషులుగా చూసే కోచ్‌లకు నేను ఈ సంగతి తప్పక చెబుతాను. స్థానిక పోటీల్లో డ్రా వేసేటప్పుడు తమ అకాడమీ పిల్లలు తొలి రౌండ్లో ఒకరికొకరు ఎదురుపడకుండా చూసుకునేవారూ, తెలిసినవారికి ఆడకుండానే తరువాతి రౌండుకు వెళ్ళే ‘బై’ వచ్చేలా సర్దేవారూ క్రీడాస్ఫూర్తి మీద బ్యానర్లు కట్టడం మాత్రం నాకు నవ్వు తెప్పిస్తుంది.

అన్నిటికన్నా బరువైన విషయం వయసు. అండర్-14 మ్యాచ్‌కు నూనూగు మీసాలతో వచ్చిన కుర్రవాణ్ణి చూసి పక్కవాళ్ళు నవ్వుకోవడం ఈ ఊరి మైదానాల్లో మామూలైపోయింది, ఎల్.బి.స్టేడియం చుట్టుపక్కలైనా సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్ వైపైనా ఆ జోకు వినని క్రీడాభిమాని ఉండడు. ఒకటి రెండేళ్ళు తగ్గించి పుట్టిన తేదీ రాయించడం వల్ల ఏమవుతుందో అందరికీ తెలుసు: పన్నెండేళ్ళ పిల్లవాడు పద్నాలుగేళ్ళవాడి బంతిని ఎదుర్కోవలసి వస్తుంది, నైపుణ్యానికి బదులు ఒళ్ళు గెలుస్తుంది, ఓడిన పిల్లవాడు తనకు ఆట రాదనుకుని మానేస్తాడు. కేంద్ర క్రీడాశాఖ 2010లోనే ఈ మోసాలను అరికట్టడానికి జాతీయ నియమావళిని తెచ్చింది. క్రికెట్ బోర్డు అండర్-16 స్థాయిలో ఎడమ చేతి మణికట్టు ఎక్స్‌రే తీసి టి.డబ్ల్యూ.3 పద్ధతిలో ఎముక వయసు లెక్కకడుతుంది. 2020లో ఆ బోర్డు తమంతట తాము నిజం ఒప్పుకున్న ఆటగాళ్ళకు శిక్ష ఉండదనీ, ఒప్పుకోకుండా పట్టుబడితే రెండేళ్ళ నిషేధం తప్పదనీ ప్రకటించింది. ఈ పద్ధతి నాకు నచ్చింది, ఎందుకంటే అబద్ధం మొదలు పెట్టింది సాధారణంగా ఆ పిల్లవాడు కాదు.

ఈ మాటనే రాహుల్ ద్రావిడ్ 2015లో పటౌడీ స్మారకోపన్యాసంలో గట్టిగా చెప్పాడు. తల్లిదండ్రులూ కోచ్‌లూ పుట్టిన తేదీ మార్చడం కళ్ళారా చూసిన పిల్లవాడికి మోసం చేయడమే మొదటి పాఠంగా అందుతుందన్నది ఆయన ఆవేదన. నేను ఇంకొక సంగతి గమనించాను. అటువంటి పిల్లవాడిని “నీ పుట్టినరోజెప్పుడురా?” అని సరదాగా అడిగితే ఒక్క క్షణం ఆగి చెబుతాడు. ఎవరు అడుగుతున్నారో, ఏ తేదీ చెప్పాలో లెక్క చూసుకుంటాడు. ఇంట్లో కేకు కోసే రోజు ఒకటి, ఫారంలో రాసే రోజు ఒకటి. స్నేహితులను పుట్టినరోజుకు పిలవడానికి జంకే పిల్లవాడు రాష్ట్ర జట్టుకు ఎంపికైతే మాత్రం ఏం సంతోషిస్తాడు? షటిల్ తగిలిందని చెప్పవద్దన్న తండ్రికీ, పుట్టిన తేదీ దిద్దించిన తండ్రికీ మధ్య చాలా దూరం ఉంది, ఇద్దరినీ ఒకే గాటన కట్టను. మొదటిది మాట, రెండోది నేరం. కానీ రెండు సందర్భాల్లోనూ పిల్లవాడు చేయవలసిన నిర్ణయాన్ని పెద్దవాళ్ళు ముందే చేసేశారు. 2023లో సవరించిన జనన మరణాల నమోదు చట్టం ప్రకారం ఆ ఏడాది అక్టోబర్ 1 నుంచి పుట్టినవారికి బడిలో చేరడం మొదలు చాలా పనులకు జనన ధ్రువపత్రమే ఏకైక ఆధారం. ఆ పిల్లలు అండర్-11కు వచ్చే నాటికి తేదీలు దిద్దడం కొంత కష్టమవుతుందని ఆశిస్తున్నాను.

మా కాలనీ పోటీలలో మేము చేసిన మార్పులు చిన్నవే. తొలి రౌండ్లకు అంపైర్‌ను తీసివేశాం. తమ వైపు గీతల మీద తీర్పు తమదే, అనుమానం వస్తే పాయింటు ఎదుటివారిదే, ఇద్దరికీ కుదరకపోతే ఆ పాయింటు మళ్ళీ ఆడాలి. పిల్లలు చేయెత్తితే తప్ప పెద్దవాళ్ళు కోర్టు దగ్గరికి రాకూడదు. తల్లిదండ్రుల కుర్చీలను కోర్టు పక్కనుంచి తీసి గేటు వైపుకు జరిపాం, దీనికి మాత్రం చాలా అలకలు భరించవలసి వచ్చింది. మ్యాచ్ అయ్యాక స్కోరు కాగితం మీద ఇద్దరు పిల్లలూ సంతకం పెట్టి కలిసి తెచ్చి ఇవ్వాలి.

మేము ఊహించని ఇబ్బంది ఒకటి ఎదురైంది. తొండి చేసే పిల్లలు మేము భయపడినంత మంది లేరు, వెనక్కు తగ్గే పిల్లలే ఎక్కువ. ఎదుటివాడు కాస్త గట్టిగా మాట్లాడితే తమ పాయింటును కూడా వదిలేసుకునే పిల్లలు ఉన్నారు. గీత లోపల పడిన షటిల్‌ను ఎదుటివాడు ఔటని అరిస్తే “సరేలే” అని సర్వీసు స్థానానికి వెళ్ళిపోతారు. అది మంచితనంలా కనిపిస్తుంది గానీ దానివల్ల గట్టిగా అరిచేవాడికి అరవడమే అలవాటవుతుంది. అందుకని ఇప్పుడు మ్యాచ్‌లకు ముందు చిన్న సాధన పెడుతున్నాం: ఒక పెద్దబ్బాయి కావాలని తప్పుడు ‘ఔట్’ చెబుతాడు, చిన్నపిల్లలు ఒకరి తరువాత ఒకరు వచ్చి “కాదన్నా, లోపల పడింది, మళ్ళీ ఆడదాం” అని నిలబడి చెప్పాలి. మొదటి రోజు సగం మంది నవ్వి ఊరుకున్నారు. ఇప్పుడు వాళ్ళలో కొందరిని ఆపడం కష్టంగా ఉంది.

సర్వీసు విషయం మాత్రం ఇంకా తేలలేదు. అంతర్జాతీయ పోటీలలో 2018 నుంచి షటిల్‌ను కోర్టు నేల నుంచి 1.15 మీటర్ల ఎత్తు లోపలే కొట్టాలన్న నియమం అమలులో ఉంది. పదేళ్ళ పిల్లకు ఆ ఎత్తు దాదాపు భుజాల దాకా వస్తుంది కాబట్టి షటిల్‌ను నడుముకు దిగువనే కొట్టాలన్న పాత నియమాన్నే మేము పాటిస్తున్నాం. అయితే నెట్టు అవతల నిలబడినవారికి అది సరిగా కనిపించదు, సర్వీసు చేసే పిల్లకు తన చేయి ఎంత ఎత్తులో ఉందో తెలియదు. అందువల్ల సర్వీసు చూడడానికి మాత్రం ఒక పెద్దమనిషిని కోర్టు పక్కన స్టూలు మీద కూర్చోబెడుతున్నాం, గీతల గురించి నోరెత్తకూడదన్న షరతు మీద. ఆ షరతును ఇప్పటికి ఇద్దరు మాత్రమే నిలబెట్టుకోగలిగారు, వాళ్ళిద్దరికీ పిల్లలు ఆ పోటీల్లో లేరు.